నలభై పేజీలు పోయి ఒక్క కాగితం

మా ఫణికుమార్ తెనాలి మనిషి. హైదరాబాద్ కార్వాన్‌లో గుండయ్య సేఠ్ సేమియా కంపెనీకి 2002లో కంప్యూటర్ వచ్చింది, దాని వెంటే అతనూ వచ్చాడు. రోజూ సైదాబాద్ నుంచి బస్సులో వచ్చి, ఏ దుకాణానికి ఏ సరుకు ఎంత పోయిందో నలభై పేజీల రిపోర్టు తీసేవాడు. దాన్ని చదివిన పుణ్యాత్ముణ్ని నేను చూడలేదు. పక్క బల్ల మీద బిల్లులు రాసే నేనైతే మిర్చి బజ్జీల నూనె అద్దుకోవడానికి వాడాను, అబద్ధమెందుకు!

2005లో కొంప మునిగింది. అంతకుముందు ఏడు సేమియా నవంబరు రెండో వారంలో ఎక్కువ అమ్ముడైందని రిపోర్టు చూసి ఫణికుమారే చెప్పాడు. ఈద్ పాయసానికి సేమియా ఎప్పుడు కావాలో, ఆ రంజాన్ లెక్కంతా ఒకప్పుడు సేఠ్ బుర్రలోనే ఉండేది. కంప్యూటర్ కొన్నాక ఆయన బుర్రకు సెలవిచ్చేశాడు. సరుకు రెండో వారానికి సిద్ధమైంది. ఈద్ మాత్రం మొదటి వారంలోనే వచ్చి వెళ్లిపోయింది. గోదాములో సగం సేమియా మిగిలిపోయింది.

"వచ్చే రంజాన్‌కు గూడ గిట్లనే అయితే ఆ డబ్బాను అమ్మేస్త. నువ్వు గూడ వేరే నౌకరీ చూస్కో," అన్నాడు సేఠ్.

అప్పటికి ఫణికుమార్ భార్య అమృత నిండు చూలాలు. పాపం, అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మరుసటి ఏడు రంజాన్ దగ్గరపడుతుంటే, ఏమీ తోచక ప్యాకింగ్ గదికి వెళ్లాడు. ఇరవై ఏళ్లుగా అక్కడ పెద్ద నాగమణమ్మే.

"అమ్మా, సేమియా ఏ తారీఖున ఎక్కువ పోతుందండీ?"

"తారీఖుతోని ఏం పని సారూ? నెలవంకను చూడాలె. ఈద్ ఏటేటా పది పదకొండు దినాలు ముందుకొస్తది. పదో రోజా దాంక చిన్న పాకీట్లే పోతయి. పదిహేను దాటినంక చూడు, సన్న సేమియాకు లొల్లి లొల్లి!"

"మరి పోయినేడు చెప్పలేదేమండీ?"

"అడిగితే గద సారూ! మీరు మిషిన్‌నే అడిగిన్రి."

ఫణికుమార్ నాలుక కరుచుకున్నాడు. నాలుగేళ్ల బిల్లులూ కంప్యూటర్లోనే ఉన్నాయి. తారీఖుల ప్రకారం కాకుండా ఎన్నో రోజాకు, అంటే ఎన్నో ఉపవాసం రోజున ఎంత పోయిందో లెక్క తిరగేశాడు. ఆమె నోటితో చెప్పిందే అంకెల్లో వచ్చింది! తర్వాత లారీ నడిపే కైలాసాన్నీ, ప్యాకింగ్ వాళ్లనూ, సేఠ్‌నూ, మీకేం తెలియాలని ఒక్కొక్కరినే అడిగి, అంతవరకే ఒక్క కాగితం మీదికి తెచ్చాడు.

రంజాన్ మొదలైంది. పదో రోజా వచ్చినా దుకాణాల వాళ్లు సరుకు పెద్దగా అడగలేదు. సేఠ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "ఇంకో ఐదు రోజులు ఆగండి సార్," అని ఫణికుమార్ కాగితం చూపించాడు. కానీ తను మాత్రం అన్నం ముట్టడం మానేశాడు.

పదహారో రోజు పొద్దున మొదలైన ఫోన్లు మళ్లీ ఆగలేదు. ఈద్‌కు రెండు రోజుల ముందే గోదాము ఊడ్చినట్టు ఖాళీ అయింది. సేఠ్ వచ్చి గోదాము గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, మరి నా ఉద్యోగం..." అన్నాడు ఫణికుమార్.

"ఏం ఉద్యోగమయ్యా! మన పండుగలు గూడ తిథుల మీదనే నడుస్తయి గద. రాఖీకి గిట్లనే, దసరాకు గిట్లనే కాగితాలు తియ్యాలె. నువ్వు పోతే ఎవడు తీస్తడు?"

ఫణికుమార్ ఆ ఖాళీ గోదాములో కూలబడి, అందరి ముందూ భోరున ఏడ్చాడు. హమ్మయ్య అనుకున్నాను నేను. నాకూ కళ్లు తడిశాయి.