నాపబండ మీద బొంత

నిన్న వికారాబాద్‌లో మా మనవరాలు, నెల నిండని కొడుకును భుజాన వేసుకునే, రెండో చేతిలోని ఫోన్‌లో తన పీజీ ఫలితం చూసుకుని నవ్వింది. నాకు పంతొమ్మిది వందల డెబ్బైల చివర తాండూరులోని ఒక పొద్దుట పూట గుర్తొచ్చి, ఇక కుదురుగా కూర్చోలేకపోయాను.

పుట్టింట్లో, అత్తింట్లో నేను తప్ప పదో తరగతి దాటినవాళ్లు లేని రోజులవి. కడుపుతో ఉండి డిగ్రీ పరీక్షలు రాసి, వికారాబాద్‌లో అమ్మ దగ్గర పురుడు పోసుకుని, నెల తిరక్కుండానే అత్తింటికి వచ్చేశాను. అమ్మ ఇంట్లో అలికిన నేల మీద నిద్రపోయిన పిల్ల, తాండూరులో ఒళ్లోంచి దింపితే చాలు, కెవ్వుమనేది. తొట్టెల పండుగ కాకుండా ఉయ్యాల ఎక్కించరు కనుక పడకంతా నేల మీద పరిచిన నాపబండల మీదే. అత్తమ్మ ఎత్తుకున్నా ఊరుకునేది కాదు.

ఆ రోజు ఫలితాలు. హైదరాబాద్ రైల్లో వచ్చే పేపరు స్టేషన్‌లో క్షణాల్లో అయిపోతుంది, మా ఆయన రాళ్ల గనికి పోయారు, అత్తమ్మకు అక్షరం రాదు, పసిగుడ్డును ఆ గుంపులోకి తీసుకుపోలేను. గుమ్మానికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

“దిష్టి తాకింది, మిరపకాయలు తిప్పేస్త,” అంది అత్తమ్మ.

ఖాలా, అంటే పిన్నమ్మ, అని మేం పిలిచే పక్కింటామె వచ్చి బండ మీద అరచెయ్యి ఆనించింది. ఆమె పెనిమిటి రాళ్లు కోసేవాడు.

“దిష్టి లేదు గిష్టి లేదు. గీ బండ మంచు లెక్కుంది, నువ్వు పంటవా దీని మీద? పరేషాన్ గాకు బిడ్డా. రెండు బొంతలెయ్యి, జరసేపు నువ్వు పండి వేడి చెయ్యి, అటెన్క పిల్లను ఎల్లెలకల పండబెట్టు.”

అలాగే చేశాను. పిల్ల ఛాతీ మీద చెయ్యి ఉంచి, ఒక్కో వేలూ తీశాను. నిద్రపోయిన పిల్ల కదల్లేదు. వాళ్లిద్దరినీ కాపలా పెట్టి స్టేషన్‌కు ఉరికాను.

పేపర్లో నా నంబరు ఉంది. దారంతా గొంతుదాకా వచ్చిన కేకను ఆపుకుని ఇంటికొచ్చి నోరు తెరవబోతే, అత్తమ్మ పెదాల మీద వేలు పెట్టి చూపించింది.

“మెల్లగ చెప్పు. పిల్ల లేస్తది.”

మా ఇళ్లలో మొదటి డిగ్రీ కబురు అలా గుసగుసగా బయటపడింది. అత్తమ్మ కళ్లొత్తుకుంది, ఖాలా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇప్పుడు ఫలితం అరచేతిలోకే వస్తుంది, పిల్లవాణ్ణి దింపే పనే లేదు. నేను ఆ రోజు అరిచి చెప్పలేని మాట ఇప్పుడు ఎంత గట్టిగా చెప్పినా ఎవరూ వద్దనరు. వేలు చూపించే అత్తమ్మ లేదు, ఖాలా లేదు.