కంటైనర్‌లో సగం చోటు

అమెరికాలోని బెంటన్‌విల్‌లో దివాకర్ ఐదేళ్లుగా చేసే పని ఒక్కటే: ఏ స్టోర్‌లో ఏ సరుకు నిండుకుందో చూసి ట్రక్కులు పంపించడం. ఆ స్టోర్ల ముఖం అతనెప్పుడూ చూడలేదు. అన్నీ స్క్రీన్ మీదే. అతని వీసా ఎక్స్‌టెన్షన్ కాగితాలు అతన్ని ఆ పనిలో పెట్టిన కన్సల్టెన్సీ యజమాని లక్ష్మీపతి చేతిలో ఉన్నాయి. అందుకే శనివారాలు కూడా ఆయన పొమ్మన్న చోటికి పోతాడు.

ఈసారి దగ్గర్లోని స్ప్రింగ్‌డేల్‌లో, పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల చర్చికి పొమ్మన్నాడు. సముద్రం పొంగి, వాళ్ల చిన్న దీవిలో బావులన్నీ ఉప్పునీళ్లయ్యాయి. తెలుగువాళ్ల తరఫున కంటైనర్ నిండా వాటర్ బాటిల్స్ పంపుతున్నాడు లక్ష్మీపతి. దివాకర్ మనిషికి రోజుకిన్ని లీటర్లని లెక్కగట్టి, అంగుళం ఖాళీ లేకుండా ప్లాన్ గీశాడు.

కోళ్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు మాంసం కోసి వేళ్లు వంకర్లు పోయిన నేజాన్ అనే పెద్దావిడ ఆ కాగితం ఓపిగ్గా చూసింది. ఈ నీళ్లు ఎన్నాళ్లొస్తాయని అడిగింది. మూడు వారాలన్నాడు గర్వంగా. ఆ తర్వాతేమిటంది. మళ్లీ పంపిస్తామన్నాడు. ఆమె అతన్ని చర్చి వెనక షెడ్‌కి తీసుకెళ్లింది. బావినీళ్లు వాడుకకేనట, దీవిలో తాగేది వాననీళ్లేనట. ఇంటి రేకుల అంచున కట్టిన గొట్టాల్లోంచి అవి ట్యాంకుల్లో పడతాయట. అలలు పీక్కుపోయింది ఆ గొట్టాలనే. చర్చివాళ్లు కొత్తవి కొని షెడ్ నిండా పేర్చుకున్నారు. అతని ప్లాన్‌లో వాటికి చోటే లేదు.

దివాకర్‌కి సిగ్గేసింది. ఏం నిండుకుందో చూశాడు గానీ, అది ఎలా నిండేదో ఒక్కరినీ అడగలేదు.

గొట్టాలు బిగించుకునేదాకా సగం బాటిల్స్ చాలని ఆమె చెబితే, చర్చి ముందు ఆగిన కంటైనర్‌లోంచి మిగతా సగం దింపించాడు. గొట్టాలు ఎక్కిస్తుండగా బ్యానర్‌తో, ఫొటోగ్రాఫర్‌తో లక్ష్మీపతి కారు దిగాడు.

"ఏంటయ్యా ఇది, ప్లంబింగ్ షాపా? డోనర్స్‌కి నేనేం చెప్పుకోవాలి?"

దివాకర్ చేతిలో గొట్టం కింద పెట్టలేదు. "బాటిల్స్ మూడు వారాలే సార్. వీటితో ఐతే వాన పడినన్నాళ్లూ తాగుతారు. ఇవి ఎక్కకుండా డోర్ క్లోజ్ చెయ్యను."

"నీ వీసా ఫైల్ ఇంకా నా టేబుల్ మీదే ఉంది. గుర్తుందా?"

"ఉంది సార్."

నేజాన్‌కి తెలుగు రాదు. కానీ ముప్పై ఏళ్లు సూపర్‌వైజర్ల కింద పనిచేసిన మనిషికి ఆ గొంతు తెలుసు. వచ్చి, దివాకర్ పట్టుకున్న గొట్టం రెండో కొస ఎత్తింది. ఆమె వెనకే చర్చి జనమంతా కదిలారు.

బ్యానర్ ఎక్కడ కట్టాలని ఫొటోగ్రాఫర్ నసిగాడు.

"ఆ గొట్టాలకే కట్టు" అన్నాడు లక్ష్మీపతి, గొట్టాలు మోస్తున్న జనాన్ని చూసి విసుగ్గా.

ఫొటోలో ఆయన మధ్యలో నవ్వుతున్నాడు. అంచున దివాకర్, నేజాన్ ఒకే గొట్టం చెరో కొసా పట్టుకుని ఉన్నారు. ఫైల్ సంగతి సోమవారం తేలుతుంది. గొట్టాలు మాత్రం ఎక్కాయి.