బంగారి అని పిలవలేక

నిన్న మా లిఫ్టులో బంగారు రంగు కుక్క ఒకటి నా చీర వాసన చూసింది. పేరేమిటని అడగబోయి ఆగిపోయాను. 

తాండూరులో మన చిన్నప్పుడు కుక్కల్ని పట్టుకుపోయే బండి వచ్చేది, గుర్తుందా నేస్తం? మా షాబాద్ బండల అరుగు మీద పడుకునే కుక్క ఎండలో ధగధగ మెరిసేది. దానికి బంగారి అని రహస్యంగా పేరు పెట్టుకుని, ఎవరూ లేరనుకున్నప్పుడు పిలిచేదాన్ని. రహస్యం ఎందుకంటే, మా నాయనమ్మ పేరు బంగారమ్మ. అత్త పేరు పలకకూడదని అమ్మ బంగారాన్ని కూడా 'సొమ్ము' అనేది.

ఒకరోజు బండివాడు ఉచ్చు తీసుకుని దిగాడు. కుక్క బెదిరి ఎదురింటి గోడకు కరుచుకుపోయింది. నేను ఏడుస్తూ అది మాదేనన్నాను.

"మీదైతే పేరువెట్టి పిలువుండ్రి. వస్తే ఇడిసిపెడ్త."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. పక్కనే నాయనమ్మ. ఆమె ముందు ఆ పేరు ఎలా పిలవను? ఉచ్చు దాని మెడ దగ్గరికి వచ్చేసింది.

"బంగారీ! ఇటు రాయే!"

పిలిచింది నాయనమ్మ. కుక్క ఉరికొచ్చి ఆమె కాళ్ల మధ్య దూరింది. దాని తల నిమురుతూ నాయనమ్మ నాతో మెల్లగా అంది:

"నువ్వు దీన్ని పిల్సినప్పుడల్ల, నన్నేమో అనుకొని దర్వాజ దాక వస్తుంటి."