దీపం నంబరు చాటున రాసిన మాట

ఆ రోజుల్లో మనిషికి ధైర్యం వయసు వల్ల కాక, కొత్తగా కొన్న ఫోను వల్ల వచ్చేది. తెలంగాణ రావడానికి ఏడాది ముందు గోదావరిఖనిలో నాకూ అలాంటి ధైర్యమే వచ్చింది. రిటైర్మెంటుకు అప్పటికి నాలుగు నెలలే ఉన్నాయి గనుక దాన్ని కుర్రతనం అనడానికి మా ఆవిడ ఒప్పుకోదు (ఆమె వాడే మాట వేరే).

నేను బొగ్గు గనిలో దీపాల గదిలో పనిచేసేవాణ్ణి. లోపలికి దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరు చెబితే, టోపీకి తగిలించుకునే దీపం అందించడం నా డ్యూటీ. అక్కడ ఎవరికీ పేరుండదు, నంబరే. అందుకే మా షిఫ్టు వాళ్లం ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టుకున్నప్పుడు, పేర్లు దాచుకుందామని అందరం దీపం నంబర్లతోనే చేరాం. ఇక మమ్మల్ని బ్రహ్మదేవుడు కూడా పట్టుకోలేడనుకున్నాం.

ఒకనాడు నాయకుడొకాయన గని మూతి దాకా వచ్చి, చెంపలకు ఇంత బొగ్గు రాసుకుని, ఫోటోలు తీయించుకుని, లోపలికి తొంగి కూడా చూడకుండా వెళ్లిపోయాడు. "మొఖానికి మసి పూసుకుంటెనే కార్మికుడైతే, మా పొయ్యిల పండే పిల్లికి ఎప్పుడో ప్రమోషన్ రావాలె" అని పేజీలో రాశాను. కింద పదకొండు నంబర్లు పడీపడీ నవ్వాయి. మూడో రోజు నన్ను పోలీస్ స్టేషన్‌కు పిలిచారు. (అక్కడి కానిస్టేబుల్ తండ్రి, నేను దీపాల గదికి రాకముందు, గని లోపల నా జోడీ. నా నంబరు ఆ ఇంట్లో అందరికీ నోటికి వచ్చు.)

తర్వాతి కథ మనవళ్లకు ఇలా చెబుతాను: సంకెళ్లు వేశారు, నేను మాట్లాడే హక్కు మీద బల్ల గుద్ది గంటసేపు ఉపన్యాసమిచ్చాను, బయట వందమంది స్టేషన్‌ను ముట్టడించారు. నిజానికి సంకెళ్లు లేవు, చాయ్ ఇచ్చారు. వేడి చూసుకోక సగం లుంగీ మీద పోసుకున్నాను. బయట ఉన్నది మా బావ ఒక్కడే, స్కూటర్‌తో.

ఎస్సై మా చిన్నోడి వయసువాడు. "నాయకుణ్ణి నెట్టుల తిడితే మూడేండ్ల దాకా జైలు కాకా. కేసయితే నౌకరీల సస్పెండ్ చేస్తరు. రిటైరయ్యేటోనివి, ఎందుకు నీకు? ఈ పదకొండు నంబర్లు ఎవలెవలయో చెప్పి ఇంటికి పో" అన్నాడు.

అవి ఎవరివో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అందులో ఒకడికి పెళ్లి కుదిరింది. ఇంకొకడు తండ్రి స్థానంలో చేరి ఆరు నెలలు కాలేదు.

"యాదికి లేవు సార్" అన్నాను.

"ముప్పై ఏండ్లసంది దీపాలిస్తున్నవ్, యాదికి లేవా?"

"వయసయింది గద సార్. పొద్దుగాల తిన్నదే యాదికుంటలేదు."

"ఏం తిన్నవ్ పొద్దుగాల?"

"ఉప్మా సార్" అన్నాను తడుముకోకుండా.

ఎస్సై నవ్వు దాచుకోవడానికి ఫైలు తెరిచాడు. కానిస్టేబుల్ పక్కకు వంగి, "కేసు పెడితే ఆ పిల్లి ముచ్చట కోర్టుల గట్టిగ చదవాలె సార్. రేపు పేపర్ల గూడ వస్తది" అన్నాడు. ఎస్సై ఫైలు మూసి, "మాఫీ రాసిచ్చి, అది తీసెయ్ కాకా" అన్నాడు.

రాయనన్నానని మనవళ్లకు చెబుతాను. రాశాను. రెండు పేజీలు, గుండ్రటి అక్షరాలతో. పిల్లికి కూడా క్షమాపణ చెప్పాను (ఇది మళ్లీ అబద్ధం). పేర్లు మాత్రం రాయలేదు.

మర్నాడు దీపాల కిటికీ దగ్గర, ఆ కొత్తగా చేరినవాడు ముందుకొచ్చి, "నా నంబరు మరిచిపోయినవట గదనే కాకా" అన్నాడు. వాడి దీపం వాడికిచ్చాను. ఆ పూట పదకొండు మందీ నంబరు చెప్పకుండానే చేతులు చాపారు. నేనిచ్చిన దీపం ఒక్కటీ తప్పు పోలేదు.

నెట్‌లో రాసినందుకు జైల్లో పెట్టే ఆ సెక్షన్‌ను తర్వాత ఢిల్లీలో పెద్ద కోర్టు కొట్టేసింది. అది నా వల్లేనని కొన్నాళ్లు చెప్పుకున్నాను, ఇప్పుడు మానేశాను. ఈమధ్య నిజంగానే మనుషుల పేర్లు, పొద్దున తిన్న టిఫిన్లు గుర్తుండటం లేదు. ఆ పదకొండు నంబర్లు మాత్రం ఇప్పటికీ వరసగా నోటికొస్తాయి. ఎవరివో అడగకండి, చెప్పను.