కొన్నానని చెప్పిన ఆట

"బావా, అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది" అని నరసాపురం నుంచి మా మరదలు ఫోన్ చేసినప్పుడు నేను రాజమండ్రిలో నా కంప్యూటర్ సెంటర్‌లో కూర్చుని ఎవరిదో ఆదాయం సర్టిఫికెట్ ప్రింటు తీస్తున్నాను. పోయింది మా మేనత్త, నాన్నకి సొంత అక్క. ఏడుపు రావాలి కదా. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. "హమ్మయ్య, ఇక రసీదు అడగదు" అన్న ఆలోచన వచ్చింది. వచ్చిన మరుక్షణం నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపించింది. ఆ రసీదు సంగతి చెప్పకుండా అత్త గురించి నాలుగు మంచి మాటలు రాయడం నా వల్ల కాదు.

అత్త చర్చి వాళ్ళ బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. బడి లేని వేళల్లో ఆ ఊరి ఆడవాళ్ళలో చాలామందిలాగే కొక్కెం సూదితో లేసు అల్లేది. గళ్ళ లేసు ఆమెకి ప్రాణం. ముందు గ్రాఫ్ కాయితం మీద బొమ్మ గీసుకునేది. గీతల్లో నింపిన గడిని దారంతో నింపి, వదిలిన గడిని ఖాళీగా వదిలేస్తే, అల్లిక పూర్తయ్యేసరికి నెమలో ద్రాక్షగుత్తో కనబడుతుంది. ఒక్క గడి తప్పినా అక్కడిదాకా ఊడదీసి మళ్ళీ అల్లేది. "ఎవరు చూస్తారత్తా?" అంటే, "నేను చూశాను కదరా" అనేది.

మా చిన్నప్పుడు మరదలి పుట్టినరోజుకి టీవీకి తగిలించే వీడియో గేమ్ కొంది. దాంట్లో ఒక క్యాసెట్టు పెడితే ఓ బుల్లి మనిషి పడవేసుకుని ఏరు దాటేవాడు. దారిలో మొసళ్ళు, దుంగలు, సుడిగుండాలు. ఒడ్డు చేరితే ఇంకో ఏరు, అలా మొత్తం ఎనిమిది. దాని ఇంగ్లీషు పేరుకి మాకు నోరు తిరగలేదు. మా రేవులో జనాన్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటు రోజూ చూసేదే కాబట్టి పంటు ఆట అన్నాం. నేనూ మరదలూ మూడో ఏట్లోనే మునిగేవాళ్ళం. అత్త వంటింట్లోంచి కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "జరగండర్రా" అని కూర్చుని ఆరో ఏరు దాకా పోయేది. క్యాసెట్టు మొరాయిస్తే బయటికి తీసి, డస్టరు మీది సుద్దపొడి ఊదినట్టు ఉఫ్‌మని ఊది మళ్ళీ పెట్టేది. ఓ రోజు తెరకి ముక్కు ఆనించి, "ఒరే, ఇది లేసేరా! నిండు గడి, ఖాళీ గడి. ఎవరో కూర్చుని లెక్కపెట్టి అల్లారు" అంది. మేం పడీ పడీ నవ్వాం. పెద్దయ్యాక కంప్యూటర్లు నేర్చుకుంటే గానీ ఆమె అక్షరాలా నిజమే చెప్పిందని నాకు తెలియలేదు.

సముద్రపు గాలికి ఆ క్యాసెట్టు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది. కిందటేడు అత్తే ఫోన్ చేసింది.

"ఒరే నాన్నా, మన పంటు ఆట మళ్ళీ అమ్ముతున్నారంటరా. క్యాసెట్టు ఉండదంట, నెట్‌లోంచి దింపుకోవడమేనంట. నాకు కొనిపెట్టు."

"దానికి కొనడమేంటత్తా? ఊరికే దొరుకుద్ది."

"ఊరికే ఎవరిస్తారు?"

"ఎవరో పెడతారు. అయినా డబ్బా లేదు, క్యాసెట్టు లేదు, డబ్బులిచ్చి గాలి కొనుక్కుంటావా? రేపు ఆ కంపెనీ దుకాణం మూసేస్తే అదీ ఉండదు."

"క్యాసెట్టు మాత్రం ఉందేంటి? నేను కొనేది ఆటరా, డబ్బా కాదు. అల్లినోళ్ళకి చేరాలి కదా."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. ఒకప్పుడు ఆమె నెలరోజులు కూర్చుని గీసిన హంసల కాయితాన్ని, లేసు కొనడానికొచ్చిన ఏజెంటు ఒకడు చూసిస్తానని పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకి అవే హంసలు బజార్లో మిషను లేసు మీద వేలాడాయి. అత్త ఎవరితోనూ గొడవ పడలేదు. "నా హంసకి ముక్కు మూడు గళ్ళు. వాళ్ళు రెండే వేశారు" అని మాత్రం అంది. ఆ తర్వాత చాలాకాలం హంస జోలికి వెళ్ళలేదు.

అంతా తెలిసి కూడా నేను ఆట కొనలేదు. డబ్బు లేక కాదు, అది ఒక బిర్యానీ ప్యాకెట్ ధరే. పొద్దస్తమానం నా సెంటర్‌కి వచ్చేవాళ్ళతో "దీనికి డబ్బులెందుకండీ, ఉండండి, నేనేస్తాను" అని, వాళ్ళు "మీరు గట్టివారండీ" అంటుంటే పొంగిపోయే రకం నేను. కొంటే నాకు పని రానట్టే అనుకునేవాణ్ణి. ఆ పొగరుతోనే నరసాపురం వెళ్ళి, ఎక్కడో దొరికిన కాపీని అత్త లాప్‌టాప్‌లో వేసిచ్చాను.

"కొన్నావా?"

"కొన్నానత్తా."

"రసీదు ఇచ్చారా?"

"మెయిల్లో వచ్చింది."

ఒక్క మాట కూడా తడబడలేదు. ఆ మధ్యాహ్నం భోజనం ముందు ప్రార్థనలో అత్త, "మా పిల్లాడు నా కోసం కొనితెచ్చిన ఆటను బట్టి కూడా వందనాలు ప్రభువా" అంది. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. వచ్చేటప్పుడు రొయ్యల పచ్చడి సీసా ఇచ్చింది. అది కూడా సుబ్బరంగా తిన్నాను.

అత్త ఆడింది కాలక్షేపానికి కాదని తర్వాత తెలిసింది. ఎనిమిది ఒడ్లూ వరసగా వచ్చేలా పొడుగాటి లేసు ఒకటి మొదలుపెట్టింది. ఒక ఏరు దాటగానే ఆట ఆపేసి, తెర మీద గళ్ళు లెక్కపెట్టి, కాయితం మీద గీసుకుని అప్పుడు అల్లేది. ఎనిమిదో ఒడ్డు మా ఇంట్లో ఎవరూ చూసినది కాదు. "ఎవరో ఆడింది వీడియో ఉంటుంది, చూసేసి అల్లేయ్ అత్తా" అన్నాను. "ఇంకొకళ్ళు దాటితే నేను దాటినట్టా? చూడని ఒడ్డు అల్లకూడదురా. అది కట్టుకథలు అల్లినట్టే" అంది. నేను ఫోన్లో ఊఁ కొట్టాను.

ఆటలో ఏడో ఏరు కూడా దాటింది. ఎనిమిదో దాంట్లో ఆగిపోయింది.

"సగం దూరం వెళ్ళేసరికి బొమ్మంతా చెదిరిపోయి, ఇక కదలట్లేదురా. నా వేళ్ళే. ఈ వాతం వేళ్ళతో ఎక్కడో తప్పు నొక్కుతున్నాను" అంది.

వేళ్ళు కాదని నాకు ఆ క్షణమే తెలుసు. నేను వేసిన కాపీయే చెడ్డది. అయినా, "నెమ్మదిగా ఆడత్తా, వస్తుందిలే" అన్నాను. ఏ పాపం ఎరగని ఆ వేళ్ళ మీదకి నా తప్పు నెట్టేసి ఫోన్ పెట్టేశాను.

వారం తర్వాత మళ్ళీ చేసింది. "కొన్నదైతే ఎన్నిసార్లైనా మళ్ళీ దింపుకోవచ్చని రాసుందిరా. ఆ రసీదు పంపు, అమ్మాయి చేత వేయించుకుంటాను. నీకెందుకు శ్రమ."

అప్పుడైనా కొని పంపాల్సింది. ఐదు నిమిషాల పని. కానీ కొంటే రసీదు మీద ఆ రోజు తేదీ పడుతుంది. అత్త లెక్కల టీచరు, ముందు తేదీయే చూస్తుంది. దానికి భయపడి, "నేనే వచ్చి చూస్తాలే" అన్నాను. అడ్మిషన్ల సీజను అన్నాను, ఎండలన్నాను, జ్వరమన్నాను. రెండు నెలలు గడిచాయి. చివరికి వెళ్ళింది సమాధుల తోటకి, ఆమె వెనకాల.

ఇంటికి తిరిగొచ్చి ఆట కొన్నాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రసీదు వచ్చింది, కింద ఆటను తయారుచేసిన వాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. అత్తకి చూపిస్తే ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివేది. మళ్ళీ జ్ఞాపకార్థ కూడికకి వెళ్ళినప్పుడు ఆ ఆటను ఆమె లాప్‌టాప్‌లో దింపాను. అందరూ వెళ్ళాక మరదలు బీరువాలోంచి లేసు తెచ్చి నా ముందు పరిచింది.

"నువ్వొస్తావని ఇలాగే ఉంచుకుంది బావా" అంది.

ఇక దాచలేకపోయాను. మొదట్నుంచీ చెప్పాను. కొనకపోవడం, రసీదు, తేదీ, అన్నీ. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"ఆఖరి రోజు కూడా వేళ్ళకి నూనె రాయించుకుంది బావా" అంది. "ఈసారి దాటేస్తానే అంది."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏదో ఒకటి చేయాలని లేసు అంచు పట్టుకోబోయాను.

"సూది కదపకు. తీస్తే ఊడిపోద్ది" అంది మరదలు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏడో ఒడ్డు దగ్గర పడవ ఆగి ఉంది. బుల్లి మనిషి దాని కొసన నిలబడి ఉన్నాడు, ముక్కుకి సరిగ్గా మూడు గళ్ళు. వాడు చూస్తున్న వైపు రెండు వరసలు ఖాళీ గళ్ళు, ఆ తర్వాత దారం చివర అత్త సూది.