అవ్వ పది గుంటలు

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు (ఇప్పుడు చాలా ఉన్నాయి). కాకినాడ నుంచి వచ్చి, బొల్లారంలో మేనత్త ఇంట్లో ఉంటూ, సికింద్రాబాదులో ఒక చిన్న ఆఫీసులో చేరాను. నదిలో కలిసే ఒక వాగు చుట్టూ ఉన్న ఊళ్ళకి ముప్పై ఏళ్ళపాటు నీళ్ళెలా సరిపోవాలో లెక్కగట్టి, వాగుకి అడ్డంగా చెక్‌డ్యాం ఏ ఊళ్ళో కట్టాలో చెప్పడం మా పని. కాగితాలిచ్చి వాగు పైనున్న ఊరికి నన్ను పంపారు. ఇంటింటికీ వెళ్ళి "మీకేమున్నాయండీ?" అని అడిగేదాన్ని (నీళ్ళ సంగతేనని వేరే చెప్పాలా, అనుకున్నాను). ఒకాయన "ఇరవై గుంటలున్నయమ్మా" అన్నాడు. పక్కింటి అవ్వ "నాకు పదే గుంటలు బిడ్డా" అని నిట్టూర్చింది. మా వైపు గుంటంటే నీళ్ళ మడుగే. ఒక్క మనిషికి పది ఉండీ ఈ ఏడుపేమిటో అనుకుంటూ, ఆఫీసుకొచ్చి అన్నీ 'చిన్న చెరువులు' అని కంప్యూటర్లో ఎక్కించేశాను. పెద్దసారు చూసి మురిసిపోయారు. "ఏందమ్మా, గీ ఊరికి అసలు తక్లీఫే లేదు! చెక్‌డ్యాం వేరే ఊరికిద్దాం" అంటూ ఈ ఊరి పేరు కొట్టేశారు.

నెల తిరక్కుండా ఆ ప్రణాళికను, పెద్దసారు పక్కనుండగా, ఊళ్ళో చదివి వినిపించే పని నాకే పడింది. "మీకు చెరువులు బోలెడున్నాయి కనుక చెక్‌డ్యాం అక్కర్లేదు" అని గట్టిగా చదివాను. పది గుంటల అవ్వ లేచి, "యాడున్నయ్ బిడ్డా? జెర సూపెట్టు, బర్రెను తోల్కపోత" అంది. "మీరే కదండీ పది గుంటలన్నారు!" అని దబాయించాను. ఊరంతా పగలబడి నవ్వింది. "అయ్యో, గవి భూమి గుంటలమ్మా! నలభై అయితే ఎకరం. నీళ్ళదైతే కుంట అంటం" అన్నాడు ఆ ఇరవై గుంటలాయన. పెద్దసారు నెత్తి పట్టుకున్నారు. అవ్వ మాత్రం నవ్వలేదు. "నీ రాతకు నా భూమి ఎండిపోతదా బిడ్డా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చేశాను కూడా. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి లెక్క మార్చాను, చెక్‌డ్యాం మళ్ళీ కాగితమెక్కింది. మేనత్త మాత్రం చాలాకాలం "పప్పు ఎన్ని గుంటలు వెయ్యనే?" అని అడుగుతూనే ఉండేది.

మొన్న వానాకాలంలో అవ్వ ఫోన్ చేసింది. "బిడ్డా, డ్యాం నిండింది. నా చెల్క భూమి పక్కన పల్లంల సుత నీళ్ళు నిలిచినయ్. మీ దిక్కు భాషల ఒక గుంట. రాసుకో" అంది. కొత్తవాళ్ళకి ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. ఆ ఫోన్ పెట్టేశాక ఆ ఊళ్ళో నేను మొదట రాసుకున్న పాత కాగితం వెతికి తీశాను. గుండ్రటి అక్షరాలతో, ఎంత ధీమాగా రాసిందో ఆ పిల్ల! అవ్వ పేరు ఎదురుగా ఉన్న పది కొట్టేసి, పక్కన ఒకటి వేశాను. పాపం, ఆ పిల్ల తొమ్మిదే తప్పు రాసింది.