బాగుంది అనకూడని ఇల్లు

తాళాల మేస్త్రి దుకాణంలో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయటికెళ్ళి పీల్చుకోవాలి. మూడు గోడల నిండా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు వేలాడుతుంటాయి. బల్ల మీద ఆకురాయి, పట్టుకారు, వేళ్ళకి అంటుకునే ఇనప రజను. మనిషి గురించి కూడా గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పొట్టి, బట్టతల, మాట తక్కువ. కానీ చేతిలో తాళం పెడితే మాత్రం వేరే మనిషైపోతాడు. కళ్ళు మూసుకుంటాడు. సన్నటి కమ్మీ లోపలికి పోనిచ్చి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. లోపలి పిన్నులు ఒక్కొక్కటే లేచి టిక్కుమంటాయి. కొన్ని పాత తాళాలు అబద్ధమాడతాయి. తెరుచుకున్నట్టే చప్పుడు చేసి, లాగితే బిగుసుకుని కూర్చుంటాయి. దాన్ని మేస్త్రి "దొంగ టిక్కు" అంటాడు. ముప్ఫై అయిదేళ్ళలో ఒక్క దొంగ టిక్కూ ఆయన్ని మోసం చెయ్యలేదు.

పెళ్ళి కూడా తాళం పుణ్యమే. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఒక గది తలుపుకి తాళం పడిపోయి లోపల ఎవరో ఇరుక్కుపోతే, పరుగున వెళ్ళి తీశాడు. లోపలున్నావిడ థాంక్స్ చెప్పలేదు. చేతిలో బిస్కెట్ పెట్టి అడిగింది:

"తిని చెప్పు. ఇందులో ఏం తగ్గింది?"

మేస్త్రి తిన్నాడు. "బాగుంది" అన్నాడు.

"బాగుంది అనేది కూడా ఒక మాటేనా? నోట్లో నాలిక ఉందా, తాళంకప్ప ఉందా?"

ఆవిడ ఉద్యోగమే అది. పొయ్యిలోంచి వచ్చిన ప్రతి విడతలో ఒక బిస్కెట్ కొరికి, వెన్న పాతదా, పిండి తడిసిందా, ఏలకులు ఎన్నాళ్ళ కిందటివి, అన్నీ చెప్పాలి. ఫ్యాక్టరీ మొత్తం ఆ నాలిక మీద నడిచేది. పెళ్ళయిన మర్నాడే ఇంట్లో చట్టం పెట్టింది. ఏం తిన్నా "బాగుంది" అనకూడదు. ఉన్నదేంటో చెప్పాలి. మేస్త్రికి ఆ విద్య ఎప్పటికీ రాలేదు. నోరు మూసుకుని తినడం నేర్చుకున్నాడు, అంతే.

వాళ్ళ వీధి మలుపులో ఇటాలియన్ హోటల్ ఒకటుంది. బోర్డు మీద పేరు ఎవరికీ నోరు తిరక్క "ఆరు బల్లల హోటల్" అంటారు. ఉన్నవి నిజంగా ఆరే. ఎర్ర గళ్ళ గుడ్డలు, చెయ్యెత్తితే తగిలే కప్పు, మూల ఇటుకల పొయ్యి. వంటవాడే యజమాని. భారీ మనిషి. మొదటి రోజునే ఆవిడని అక్క చేసుకున్నాడు, దాంతో మేస్త్రి బావ అయిపోయాడు. ప్రతి గురువారం సాయంత్రం ఏడింటికి, ఇంకా జనం రాకముందే, కిటికీ పక్క బల్ల వాళ్ళది.

ఆవిడ మొదటి ముద్ద పెట్టుకుంటుంటే వంటవాడు గరిటె పట్టుకునే వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

"వెల్లుల్లి మాడ్చావు తమ్ముడూ."

"అక్కా, ఒట్టు, బంగారం రంగు దాటలేదు!"

"దాటింది. నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే దాటింది."

"బావా, నువ్వైనా చెప్పు!"

"నన్ను లాగకు. ఈవిడతోనే నేను ఇంటికి వెళ్ళాలి" అనేవాడు మేస్త్రి.

వంటవాడు గొణుక్కుంటూ ప్లేటు లోపలికి పట్టుకెళ్ళేవాడు. కానీ ఆవిడ రాని గురువారం మొహం వేలాడేసుకునేదీ వాడే.

రెండేళ్ళ కిందట ఆవిడకి జ్వరం వచ్చింది. పది రోజులకి తగ్గింది. పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది, దాని వెనకే రుచి పోయింది. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఫ్యాక్టరీ వాళ్ళు మంచి మాటలు చెప్పి, శాలువా కప్పి, ఇంటికి పంపారు.

ఆ తర్వాత వచ్చిన మొదటి గురువారం వంటవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని స్పగెట్టీ చేశాడు. గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ తింది. నమిలింది. మింగింది.

"బాగుంది" అంది.

వంటవాడు లోపలికెళ్ళి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుని, మళ్ళీ కడుక్కున్నాడు. మేస్త్రి ఫోర్కు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో ఎవరూ అనకూడని మాట, అన్నది ఆవిడే.

అప్పట్నుంచి అన్నిటికీ అదే మాట. కాఫీ, బాగుంది. కూర, బాగుంది. మేస్త్రికి ఆ మాట వింటే ఖాళీ ఇంటి తలుపు తీసినట్టుండేది. ఆవిడ తిట్టే తిట్ల కోసం ఆయన చెవి కోసుకునేవాడు. ఒక ఉదయం ఆవిడ పక్కగదిలో పేపరు చదువుతుంటే, కావాలనే పాలు పొయ్యి మీద వదిలేశాడు. గిన్నె మాడింది. ఇల్లంతా కమురు. మేస్త్రికి కళ్ళు మండుతున్నాయి. పక్కగదిలో పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఇంకో పేజీ. మధ్యాహ్నం ఆవిడ నల్లటి గిన్నె చూసి "పాలు మాడాయా? చెప్పొచ్చుగా" అంది.

"మర్చిపోయా" అన్నాడు.

ఆవిడ ఆయన్ని కాసేపు చూసి, గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది.

మొన్న బుధవారం ఆవిడ తేల్చేసింది. "రేపే ఆఖరు. ఇక హోటల్ వద్దు."

"ఏం?"

"నాకు కాగితం తిన్నా ఒకటే, పాస్తా తిన్నా ఒకటే. ఊరికే దండగ."

మేస్త్రి వాదించలేదు. ఎప్పుడు గెలిచాడు గనక? కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ బల్ల ఉన్నంతకాలం ఏదో ఒక గురువారం ఆవిడ ఫోర్కు కింద పెట్టి "తమ్ముడూ, ఇదేం వంట?" అంటుందని లోపల ఎక్కడో ఒక ఆశ. బల్ల పోతే అదీ పోతుంది.

గురువారం ఏడింటికి వెళ్ళారు. కిటికీ అద్దానికి పొయ్యి వేడి ఆవిరై పట్టింది. వంటవాడికి సంగతి తెలీదు. స్పగెట్టీ తెచ్చి పెట్టి, అలవాటు చొప్పున గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి తన ప్లేటు ముట్టుకోకుండా ఆవిడ మూతి వైపే చూస్తున్నాడు.

ఆవిడ ఒక ముద్ద తింది. ఫోర్కు కింద పెట్టింది.

"వెల్లుల్లి మాడ్చావు తమ్ముడూ."

వంటవాడి చేతిలో గరిటె జారి నేల మీద పడింది. "అక్కా! ఏమన్నావ్? మళ్ళీ అను!"

"చెవులు కూడా మాడ్చుకున్నావా? తీసుకెళ్ళు, మళ్ళీ చెయ్యి."

"చేస్తా! పదిసార్లు చేస్తా! బావా, విన్నావా?" ఆ భారీ మనిషి ప్లేటు రెండు చేతుల్తో పట్టుకుని, పెళ్ళికొడుకులా లోపలికి పరిగెత్తాడు.

మేస్త్రి తన ప్లేటులోంచి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండూ ఒకే గిన్నెలోవి. వెల్లుల్లి మాడలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ నమిలాడు. ఎక్కడా మాడలేదు.

దొంగ టిక్కు.

"ఎందుకలా అన్నావు?" నెమ్మదిగా అడిగాడు.

"వాడు రెండేళ్ళుగా ఆ గుమ్మంలో నిలబడుతున్నాడు. కాళ్ళు నొప్పి పుట్టవూ?" ఆవిడ గ్లాసు పక్కకి జరిపింది. "నువ్వు వాడికన్నా ఘోరం. ముద్ద ముద్దకీ నా మొహం చూస్తావు, బడిలో మార్కుల కోసం చూసినట్టు. నేను తినాలా, నీకు ఫలితాలు చెప్పాలా? హోటల్ అందుకే వద్దన్నా. పాలు మాడినందుకు కాదు మేస్త్రీ, నువ్వు మాడ్చినందుకు బాధపడ్డా."

మేస్త్రి తలెత్తలేకపోయాడు. బల్ల మీది ఎర్ర గళ్ళు లెక్కపెడుతూ కూర్చున్నాడు. "తప్పే" అన్నాడు చివరికి. "నువ్వు తిట్టి రెండేళ్ళయింది. ఇల్లు ఇల్లులా లేదు."

లోపల బాణలి చప్పుడు, వంటవాడి కూనిరాగం వినిపిస్తున్నాయి. కొత్త ప్లేటు వచ్చింది. వంటవాడు గుమ్మం దాకా వెళ్ళి తిరిగి నిలబడ్డాడు. ఆవిడ ప్లేటు తన వైపు లాక్కోలేదు. మేస్త్రి వైపు తోసింది.

"నువ్వు తిను. తిని చెప్పు."

"ఏం చెప్పను?"

"ఏముందో చెప్పు. బాగుంది అన్నావో, లేచి వెళ్ళిపోతా."

మేస్త్రి ఒక ముద్ద పెట్టుకుని దిక్కులు చూశాడు. చెమట పట్టింది. "టమాటా..." అన్నాడు.

"టమాటా అని నాకూ కనిపిస్తోంది. ఎలా ఉంది?"

"ముందు అదే తగుల్తుంది. పులుపు. తర్వాత... ఉండు." ఇంకో ముద్ద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "తర్వాత పులుపు పక్కకి జరుగుతుంది. దాని వెనక తియ్యగా ఏదో ఉంది. ఉల్లిపాయనుకుంటా, చాలాసేపు వేయించాడు. వెల్లుల్లి ఇంకా లోపల. నాలిక చివర కాదు, గొంతు దగ్గర. చివరి పిన్ను లేచినట్టు, చిన్నగా."

కళ్ళు తెరిచి చూస్తే, ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. తల కొంచెం పక్కకి వంచి, తాళం దగ్గర ఆయన వింటాడే, అచ్చం అలాగే వింటోంది. పెదాలు కొద్దిగా కదులుతున్నాయి.

"ఆకు?" అంది కళ్ళు తెరవకుండానే. "పైన ఆకు వేస్తాడు. దాని వాసన?"

మేస్త్రి ప్లేటు మీదికి వంగాడు. ఆవిడకి ఏం చెప్పాలో, ఏ మాటలో చెప్పాలో తెలీలేదు. ఇన్నేళ్ళూ ఆ ఆకు పక్కకి తీసేసి తిన్నాడు.

"ఉండు," అన్నాడు. "వెతుకుతున్నా."